‘లూడిక్’: ఒక ఆటమాట చరిత్ర

మన ఇళ్ళలో లూడో ఆడని పిల్లలు అరుదు. 2020లో మహమ్మారి వచ్చి అందరం తలుపులు వేసుకుని కూర్చున్నప్పుడు పెద్దవాళ్ళు కూడా సెల్‌ఫోన్లలో అదే ఆడారు. ఆ ఆట మన పచ్చీసే. ఇంగ్లండువాళ్ళు దాన్ని ఇక్కణ్ణించి తీసుకువెళ్ళి, పటం కొంత మార్చి, గవ్వల బదులు చుక్కల పాచిక పెట్టి, 1896లో పేటెంటు తీసుకుని, అట్టమీద అచ్చువేసి తిరిగి మనకే అమ్మారు. పేరు మాత్రం లాటిన్ నుంచి తెచ్చి పెట్టారు. లాటిన్‌లో ‘లూడో’ అంటే ‘ఆడుతున్నాను’ అని అర్థం.

ఈ లూడోకి దగ్గరి చుట్టం ‘లూడిక్’ అనే ఇంగ్లీషు విశేషణం. సాహిత్య విమర్శలో, మనస్తత్వ శాస్త్రంలో, నాటకకళ మీద రాసే పుస్తకాల్లో ఈ మాట తరచు ఎదురవుతుంది. ఆటకు సంబంధించిన, ఆట స్వభావం గల, వేరే ప్రయోజనం కోసం కాక ఆడటం కోసమే జరిగే అని నిఘంటువుల తాత్పర్యం. తెలుగులో రాసేటప్పుడు దీన్ని ‘క్రీడాత్మక’ అని తేల్చేయడం సుళువు. చిక్కు అక్కడే వస్తుంది. క్రీడ అనగానే నేటి పాఠకుడికి గుర్తొచ్చేది స్టేడియం, పతకం, పత్రికలో చివరి పేజీ. ఒక కవి శైలి క్రీడాత్మకం అని రాస్తే ఆయన కబడ్డీ మీద కావ్యం రాశాడేమో అనుకుంటాడు. సంస్కృతంలో అంత విశాలంగా ఉన్న మాట మన వాడుకలో ఎందుకింత కుదించుకుపోయింది? ఇంగ్లీషు వాళ్ళకు మాత్రం ఇంత పాత ధాతువు నుంచి ఇంత కొత్త విశేషణం ఎందుకు కావలసివచ్చింది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఇంచుమించు ఒకటే అని నాకు తోస్తుంది. అందుకే ఈ మాట చరిత్రను కొంచెం మొదటినుంచీ చెబుతాను.

రోమనులకు ‘లూడుస్’ అనే ఒక్క మాట చాలా చాకిరీ చేసింది. పిల్లల ఆట లూడుస్. రథాల పందేలు, పండుగలకు ప్రభుత్వం జరిపించే వినోదాలు బహువచనంలో ‘లూడీ’. నాటక ప్రదర్శనలూ వాటిలోవే. లివీ అనే చరిత్రకారుడు చెప్పినదాన్నిబట్టి క్రీ.పూ. 364లో రోము నగరంలో తెగులు వ్యాపించి ఎంతకీ తగ్గకపోతే, దేవతలను శాంతింపజేయడానికి ఎట్రూరియా నుంచి నర్తకులను రప్పించి ఆడించారట. రోమన్ రంగస్థలానికి అదే నాంది. ఊళ్ళో అమ్మవారు పోస్తే జాతర చేసి, వేషాలు కట్టించి, రాత్రంతా ఆడించిన మన తాతలకు ఇందులో వింతేమీ కనిపించదు.

అక్షరాలు దిద్దించే బడిని కూడా రోమనులు లూడుస్ అనే అన్నారు. కత్తిసాము నేర్పి మనుషుల్ని జనం ఎదుట చావడానికి తయారుచేసే గ్లాడియేటర్ల శాల పేరూ అదే. కొలోసియం పక్కనే డొమీషియన్ చక్రవర్తి కట్టించిన ‘లూడుస్ మాగ్నుస్’ శిథిలాలు ఇవాళ్టికీ కనిపిస్తాయి. పసివాడి పలకకూ, బానిస కత్తికీ, దేవుడి ముందు చిందుకూ ఒకటే పేరు. గ్రీకులలో ‘స్కోలే’ అంటే తీరిక. ఇంగ్లీషు స్కూలు అందులోంచే వచ్చింది. మన వీధిబడి పద్ధతి వేరు. బడి మూసి పిల్లల్ని వదిలే సెలవుకు మనవాళ్ళు పెట్టిన పేరు ‘ఆటవిడుపు’. అంటే ఆట బడికి బయట ఉంది, విడిచిపెడితేనే దొరుకుతుంది. పంతులుగారి బెత్తాన్ని తలుచుకుంటే ఈ పేరే ఎక్కువ నిజాయితీ గలదనిపిస్తుంది.

ఇంత పెద్ద మాట లాటిన్ కూతుళ్ళలో ఒక్కదానికీ సంక్రమించలేదు. ఫ్రెంచిలో ఆటను ‘జ్యూ’ అంటారు, ఇటాలియన్‌లో ‘జోకో’, స్పానిష్‌లో ‘హువేగో’. ఇవన్నీ ‘యోకుస్’ అనే వేరే లాటిన్ మాట సంతానం. యోకుస్ అంటే మొదట నోటి పరాచికం మాత్రమే. ఇంగ్లీషు జోకు కూడా ఆ వంశానిదే. పరాచికం పెద్దదై ఆట అయింది, ఆట అన్న అసలు మాట పోయింది. పోయిన ఆ మాట ముక్కలు మాత్రం ఇంగ్లీషులో ఉపసర్గల చాటున బతికాయి. నాటకాల మధ్య ఆడే చిన్న ఆట ఇంటర్‌లూడ్. అసలు వాయిద్యానికి ముందు వేళ్ళు సవరించుకునే ఆట ప్రెలూడ్. ఇద్దరు కూడబలుక్కుని మూడోవాడి మీద ఆడే ఆట కొల్యూడ్. ఎదుటివాణ్ణి ఆటబొమ్మ చేసి మోసగించడం డెల్యూడ్. దెబ్బ తగలకుండా తప్పుకోవడం ఎల్యూడ్. మాయ అన్న అర్థంలో మనం వాడే ఇల్యూజన్ కూడా ఈ ధాతువులోంచి వచ్చిందే. ఈ వరసను గమనించండి. సంగీతానికీ నాటకానికీ చెందిన రెండింటిని పక్కన పెడితే, మిగిలినవాటిలో ఆట ఎక్కువగా మోసంగా మారింది.

ఇక విశేషణం. పదిహేడో శతాబ్ది ఆరంభంలో ఇంగ్లీషువాళ్ళు లాటిన్ నుంచి ‘లూడిక్రస్’ అనే రూపం తెచ్చుకున్నారు. లాటిన్‌లో దీని మూలమైన ‘లూడిక్రుమ్’కి ఆట, రంగస్థల ప్రదర్శన అని అర్థం. ఇంగ్లీషులో కూడా తొలిరోజుల్లో ఆటకు చెందిన, వేడుక కోసం చేసే అనే అర్థంలోనే వాడారు. తరవాత సరదాగా ఉండే అన్న అర్థం మీదికి జరిగింది. పద్ధెనిమిదో శతాబ్ది ముగిసేలోపు నవ్వులపాలు కాదగిన, అర్థంపర్థం లేని అన్న అర్థం స్థిరపడింది. ఇవాళ ఎవరి ప్రతిపాదననైనా లూడిక్రస్ అంటే ఆయన మళ్ళీ మన గుమ్మం తొక్కడు. మన వ్యాకరణవేత్తలు అర్థాపకర్ష అని చెప్పే దానికి ఇది పాఠ్యపుస్తకంలో పెట్టదగిన ఉదాహరణ.

ఈ మాట దిగజారిన కాలం ఎలాంటిదో కూడా చూడాలి. ఆదివారం ప్రార్థన అయ్యాక జనం నాట్యమాడవచ్చా, గెంతులాటలు, విలువిద్య పందేలు పెట్టుకోవచ్చా అన్నది అప్పటి ఇంగ్లండులో రాజకీయ సమస్య. ఆడుకోవచ్చునని మొదటి జేమ్స్ రాజు 1618లో ఒక ప్రకటన చేశాడు. చార్లెస్ రాజు 1633లో దాన్ని మళ్ళీ వెలువరించి చర్చిల్లో చదివించమన్నాడు. ప్యూరిటన్లు మండిపడ్డారు. వాళ్ళ చేతికి పార్లమెంటు వచ్చాక 1642లో నాటకశాలలు మూతపడ్డాయి. మరుసటి ఏడు రాజుగారి ఆటల ప్రకటనను బహిరంగంగా తగలబెట్టారు. రాచరికం తిరిగివచ్చిన 1660 దాకా ఇంగ్లండులో బాహాటంగా నాటకమాడటం నేరం. లూడిక్రస్ అర్థం చెడటానికి ఇదొక్కటే కారణమని నేననను. మాటలు చట్టాలతో చెడవు. కాని ఆటను పనికీ భక్తికీ శత్రువుగా చూసే సమాజంలో ఆటమాటకు పరువు నిలవడం కష్టం.

మనం వాళ్ళను చూసి నవ్వక్కరలేదు. భాగవత కథలను గజ్జె కట్టి ఊరూరా ఆడిన భాగోతం ఇప్పుడు పత్రికల శీర్షికల్లో ఏ అర్థంలో కనిపిస్తుంది? బయటపడిన కుంభకోణం ఒక భాగోతం, ఎవరి రహస్య వ్యవహారమో ఒక భాగోతం. ‘నాటకాలాడకు’, ‘వేషాలెయ్యకు’, ‘నీ ఆటలు సాగవు’, ‘ఏం, ఆటలుగా ఉందా?’ అని పిల్లల్ని గదమాయిస్తాం. తంజావూరు దగ్గర మేలట్టూరులో ఏటా నరసింహ జయంతికి భాగవతమేళ నాటకాలను ఈనాటికీ తెలుగులోనే ఆడుతున్నారు. చుట్టూ తమిళం మాట్లాడే ఊరిలో తరతరాలుగా ఆ తెలుగు నిలిచింది ఆటవల్లనే. అలాంటి భాగోతం పేరును తిట్టుగా మార్చుకున్నది తెలుగుదేశంలోని మనవాళ్ళే. లూడిక్రుమ్‌కి పట్టిన గతి దానికీ పట్టింది.

ఇంతకీ ఇంగ్లీషుకు సొంతంగా ‘ప్లే’ ఉంది కదా? ఉంది, దాని సంగతి మరీ ముచ్చటైనది. పాత ఇంగ్లీషులో ఆ ధాతువుకు చురుగ్గా కదలడం, కసరత్తు చెయ్యడం అనే అర్థాలున్నాయి. కత్తి ఆట, బల్లెపు ఆట అని ఆ కాలపు కవులు యుద్ధాన్ని పిలిచారు. ఆటకు ‘లాక్’ అని ఇంకో మాట కూడా ఉండేది. అది ఇతర నామాలకు తోకలా చేరి కొత్త మాటలు కట్టేది. ‘ఫెయొహ్ట్’ అంటే పోరు. దానికి లాక్ చేరిస్తే పోట్లాట. ‘వెడ్’ అంటే ప్రమాణం. దానికి లాక్ చేరితే ‘వెడ్‌లాక్’, పెళ్ళి. ఇవాళ్టి ఇంగ్లీషువాడు అందులో తాళం వినిపిస్తుందని పరిహాసమాడతాడు గాని, అసలు ఉన్నది తాళం కాదు.

తెలుగువాడికి ఇది వివరించి చెప్పనక్కరలేదు. పోట్లాడటం, పెళ్ళాడటం మనం రోజూ అనే మాటలే. మాట్లాడతాం, బతిమలాడతాం, దెబ్బలాడతాం, తిరుగాడతాం, కొనియాడతాం, వెతుకులాడతాం. నీళ్ళాడిందంటే ప్రసవమైందని అర్థం. అబద్ధమాడతాం, నిజమూ ఆడతాం. సినిమా వందరోజులు ఆడుతుంది, గానుగ ఆడుతుంది, పిండిమర ఆడుతుంది. కంగారు పుడితే కాలూ చెయ్యీ ఆడవు. ఊపిరి ఆడకపోతే మనిషే లేడు. ఇక్కడ ఆట అంటే వినోదం కాదు, కదలిక. అడ్డులేకుండా ఇటూ అటూ మసలగలగడం. ఇంగ్లీషు ప్లేలోనూ ఈ అర్థం మిగిలే ఉంది. బండి బాగుచేసే మేస్త్రీ చక్రాన్ని పట్టుకుని ఊపి ‘ప్లే వచ్చింది సార్’ అంటాడు. అతడు వెయ్యేళ్ళనాటి అర్థాన్ని సరిగ్గా వాడుతున్నాడు.

ఆంధ్రకు వెలుపల ఉన్న మనకు ఇంకో లాభముంది. రెండో భాష చెవిలో పడుతూనే ఉంటుంది గనుక ఈ ‘ఆడు’ ఒక్క తెలుగు చమత్కారం కాదని వెంటనే తెలుస్తుంది. తమిళంలో నీరాడు, పోరాడు, ఉరైయాడు, వేట్టైయాడు, కొండాడు. కన్నడంలో మాతాడు, కాదాడు, తిరుగాడు. కరావళిలో యక్షగానానికి జనం పెట్టుకున్న పేరు ఉత్తి ‘ఆట’. ‘ఈ రాత్రి ఆట ఉంది’ అంటే యక్షగానం ఉందని. బడుల్లో జరిగే పోటీలను కన్నడిగులు ‘ఆటోట’ అంటారు, ఆటా ఓటమూ కలిపి. అక్కడ ఓటమంటే మన ఓటమి కాదు, పరుగు. దక్షిణాదివాళ్ళం ఆటను ఒక ప్రత్యేకమైన పనిగా కాక, పనులు జరిగే తీరుగా భాషలో పెట్టుకున్నామన్నమాట.

ఈ రకంగా ఆలోచించిన ఐరోపా పండితుడు ఒకాయన ఉన్నాడు. లూడిక్ అన్న మాటకు నేడున్న గౌరవంలో పెద్ద వంతు ఆయన చలవే. పేరు యోహాన్ హౌజింగా, డచ్చివాడు, 1872లో గ్రోనింగెన్‌లో పుట్టాడు. మధ్యయుగాల చరిత్రకారుడిగా లోకానికి తెలిసిన ఈయన మొదట నేర్చింది సంస్కృతం. 1897లో డాక్టరేటు కోసం రాసిన గ్రంథం సంస్కృత నాటకాల్లోని విదూషకుడి మీద. తిండిపోతు బ్రాహ్మణుడు, రాజుగారి చెలికాడు, పక్కన కూర్చుని పరాచికాలాడుతూనే అవసరమైన మాట అనగలవాడు; అతణ్ణి ఎంచుకుని ఒక డచ్చి కుర్రవాడు పరిశోధన చేశాడంటే నాకు ముచ్చటగా ఉంటుంది. నలభై ఏళ్ళ తరవాత, 1938లో, ఆయన ‘హోమో లూడెన్స్’ రాశాడు. ‘ఆడే మనిషి’ అని అర్థం. మానవజాతికి శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరు తెలివిగల మనిషి. తరవాత పనిముట్లు చేసే మనిషి అన్న పేరూ వచ్చింది. వాటి పక్కన ఇది మూడోది.

ఆట సంస్కృతిలో ఒక భాగం కాదు, సంస్కృతి పుట్టిందే ఆటగా అని ఆయన వాదన. న్యాయస్థానంలో వాదోపవాదాలు, యుద్ధనియమాలు, కవిత్వం, తత్త్వచర్చ, యజ్ఞాలలో ఋత్విజులు వేసుకునే పొడుపు ప్రశ్నలు, అన్నిటిలోనూ గిరిగీసిన స్థలం, ఒప్పుకున్న నియమం, గెలుపోటముల ఉత్కంఠ ఉన్నాయని చూపించాడు. భాషలలో ఆటకున్న పేర్లకే ఒక అధ్యాయం కేటాయించి, సంస్కృతంలోని క్రీడ్, దివ్, లస్ ధాతువులను విప్పి చెప్పాడు. వెడ్‌లాక్ ముచ్చట కూడా ఆయన పుస్తకంలో ఉన్నదే. ఆటలో మోసం చేసేవాడి కంటే ఆట చెడగొట్టేవాడే పెద్ద దోషి అని ఆయన చేసిన పరిశీలన పిల్లలకు బాగా తెలుసు. మోసగాడు కనీసం నియమాన్ని నమ్మినట్టు నటిస్తాడు. మన ఆటల్లో ఇంకో పాత్ర ఉంది, ఆటలో అరటిపండు. ఆడుతున్నట్టే ఉంటాడు, లెక్కలోకి రాడు. హౌజింగాకు ఈ అరటిపండు తెలియకపోవడం ఆయన పుస్తకానికి లోటే.

ఆ పుస్తకం తీరికవేళ రాసింది కాదు. హిట్లర్ అధికారానికి వచ్చింది 1933 జనవరి 30న. తొమ్మిది రోజుల తరవాత, ఫిబ్రవరి 8న, లైడెన్ విశ్వవిద్యాలయ వార్షికోత్సవంలో రెక్టరు హోదాలో హౌజింగా చేసిన ప్రసంగం ఆటకూ గంభీరతకూ మధ్య సరిహద్దుల గురించి. ఏప్రిల్‌లో అక్కడ జరిగిన విద్యార్థుల సమావేశానికి జర్మన్ బృందం నాయకుడుగా వచ్చిన ఫాన్ లేర్స్ యూదులమీద విషం చిమ్మే కరపత్రం రాసినవాడని తెలిసి, ఆయన్ను పిలిపించి విశ్వవిద్యాలయం విడిచి పొమ్మన్నాడు. పెద్ద గొడవైంది. కవాతులు, బిళ్ళలు, నినాదాలు, ఊరేగింపులు చూసి ఇది ఆట కాదు, పెద్దవాళ్ళు పసివాళ్ళుగా దిగజారడం అని రాశాడు. నిజమైన ఆటకు నియమంమీద గౌరవం ఉంటుంది, ఎదుటివాడు సమానుడన్న ఒప్పందం ఉంటుంది; అవి రెండూ లేని చోట మిగిలేది వేషం, మూక. 1942లో నాజీలు ఆయన్ను పట్టి బందీల శిబిరంలో పెట్టారు. అనారోగ్యం వల్ల కొన్ని నెలల్లో వదిలారు గాని లైడెన్‌కు తిరిగి వెళ్ళనివ్వలేదు. 1945 ఫిబ్రవరి 1న ఆర్నెమ్ దగ్గర ఒక పల్లెలో పోయాడు. ఇంకో మూడు నెలలుంటే దేశం విడుదల కావడం చూసేవాడు.

ఆయన జీవితంలో ఒక చిన్న వ్యాకరణ కలహం ఉంది, మనలాంటి అనువాదకులు తెలుసుకోదగినది. ఈ విషయం మీద ఆయన ఉపన్యాసాలిచ్చినప్పుడల్లా నిర్వాహకులు శీర్షికను ‘సంస్కృతిలో ఆట’ అని దిద్దేవారు. ఆయన ఒప్పుకోక ‘సంస్కృతి యొక్క’ అని షష్ఠీ విభక్తిలో ఉంచమనేవాడు. సప్తమి పెడితే ఆట సంస్కృతిలో ఒక మూలన ఉన్న వస్తువైపోతుంది. షష్ఠిలో అది సంస్కృతి స్వభావమే అవుతుంది. ఆయన పోయాక 1949లో వచ్చిన ఇంగ్లీషు అనువాదానికి ఉపశీర్షిక పెట్టినవాళ్ళు మళ్ళీ సప్తమే పెట్టారు. పీఠికలో ఆయన మొర అలాగే ఉంది, అట్టమీద తప్పూ అలాగే ఉంది.

ఇప్పుడు మన విశేషణానికి వద్దాం. ఆట గురించి ఇంత గంభీరంగా మాట్లాడటం మొదలయ్యాక వాడటానికి ఇంగ్లీషులో విశేషణం లేదు. లూడిక్రస్ చెడిపోయి ఉంది. ప్లేఫుల్ అంటే చిలిపితనం, ఉత్సాహం. పిల్లికూనకూ కంటిచూపుకూ సరిపోతుంది, యజ్ఞానికి సరిపోదు. ఫ్రెంచి మాట్లాడే మనస్తత్వ శాస్త్రజ్ఞులు అప్పటికే లాటిన్ ధాతువు నుంచి ‘లుదిక్’ అనే మాట కట్టుకుని ఉన్నారు. అది కాలువ దాటి ఇంగ్లీషులోకి వచ్చింది. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు దాని తొలి వాడుకకు వేసిన తేదీ 1940. పసిపిల్లలు పుల్లను గుర్రమనుకోవడం వంటి ప్రవర్తనకు స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు పియాజే 1945లో వెలువడిన పుస్తకంలో ఆ మాటను విస్తారంగా వాడాడు. ఆకలి, భయం వంటి అవసరమేదీ తరమకుండానే ప్రాణులు చేసే పనులకు బెర్లైన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1960లో అదే పేరు పెట్టాడు. కర్మకాండలనూ నాటకాన్నీ కలిపి చూసిన విక్టర్ టర్నర్ వంటి మానవశాస్త్రజ్ఞులు దాన్ని మరింత వ్యాపింపజేశారు. ఈమధ్య జూదపు బల్లమీది సంభావ్యతలతో బతుకును లెక్కవేసే పొరపాటుకు తాలెబ్ అనే రచయిత 2007లో ‘లూడిక్ ఫాలసీ’ అని పేరు పెట్టాడు. అక్కడ ఆట అంటే నియమాలన్నీ ముందే తెలిసిన చిన్న ప్రపంచం.

వాడుక గురించి ఒకటి రెండు మాటలు. ఇది పుస్తకాల మాట. ఇంగ్లీషువాడు వంటింట్లో అనడు. మనిషి స్వభావాన్ని చెప్పడానికి ప్లేఫుల్, పని స్వభావాన్ని చెప్పడానికి లూడిక్ అని స్థూలంగా గుర్తుంచుకోవచ్చు. చిరునవ్వు లూడిక్ కాదు. అవధానం ముమ్మాటికీ లూడిక్. అష్టావధానంలో గిరి ఉంది, వేళ ఉంది, పృచ్ఛకుడు పెట్టే నిషిద్ధాక్షరం ఉంది, కావాలని అడ్డుపడే అప్రస్తుత ప్రసంగి ఉన్నాడు. ఆ ప్రసంగిలో హౌజింగా తన విదూషకుణ్ణి గుర్తుపట్టి ఉండేవాడు. మనవాళ్ళలో కొందరు అవధానాన్ని ఉత్త గారడి అని తీసిపారేస్తారు, మరికొందరు దాన్నే మహాకవిత్వమంటారు. ఆట అని ఒప్పుకుంటే ఇద్దరి పేచీ తీరుతుంది. కన్నడంలో శతావధాని ఆర్. గణేశ్ గారి సభలకు వెళ్ళినవాళ్ళకు ఆట అనడం తక్కువ చెయ్యడం కాదని తెలుసు.

మన దేశపు ‘లీల’ను వివరించడానికి పాశ్చాత్య పండితులు ఈ ఆటమాటల వైపే చూశారు. 1995లో విలియం సాక్స్ సంపాదకత్వంలో దక్షిణాసియాలోని లీలాభావన మీద ఒక వ్యాససంపుటి వచ్చింది. శివుడి పాచికలాట మీద హాండెల్‌మన్, తెలుగువారికి పరిచితుడైన డేవిడ్ షుల్మన్ కలిసి రాసిన గ్రంథం 1997లో వచ్చింది. ఈశ్వరుడికి ఏ కొరతా లేనప్పుడు సృష్టి ఎందుకు చేశాడన్న ప్రశ్నకు లీలగా అని బ్రహ్మసూత్రాలు జవాబిచ్చాయి గనుక, ప్రయోజనంలేని ఆట అన్న అర్థంలో పోలిక కుదురుతుంది. కాని తెలుగులో లీల దేవుళ్ళ సొత్తైపోయింది. పిల్లవాడు మట్టిలో ఆడేది లీల అనం, అంటే ఎగతాళి అవుతుంది.

మదురైవైపు మన బంధువులకు ఈ ఇబ్బంది లేదు. అక్కడ శివుడి అరవైనాలుగు లీలలను ‘తిరువిళయాడల్’ అంటారు. విళయాట్టంటే వీధిలో పిల్లలాడే ఆటే. ముందు ‘తిరు’ చేర్చారు, అంతే. అందులో వైగై నది గట్టు కథ ఒకటి. గట్టు తెగితే ఇంటికొక మనిషి మట్టి మొయ్యాలని పాండ్యరాజు ఆజ్ఞ. వంది అనే ముసలమ్మకు ఎవరూ లేరు. శివుడు కూలివాడుగా వచ్చి, ఆమె అమ్ముకునే పిట్టే కూలిగా పుచ్చుకుని పనికి ఒప్పుకున్నాడు. పిట్టు తిన్నాడు, పాడాడు, ఆడాడు, నిద్రపోయాడు, పని చెయ్యలేదు. రాజు బెత్తంతో కొడితే ఆ దెబ్బ రాజుకూ, రాణికీ, సమస్త ప్రాణులకూ తగిలింది. ఆవణి నెలలో మదురైలో ఏటా ఈ పిట్టు ఉత్సవం జరుగుతుంది. నాయకరాజుల కాలంనుంచీ అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళ పిల్లలు దాన్ని చూస్తూ పెరిగారు. పని ఎగ్గొట్టి ఆడుకున్న కూలివాణ్ణి కొడితే లోకమంతటికీ దెబ్బ తగిలిందన్న కథను ఒక్క విశేషణంలో చెప్పాలంటే లూడిక్ అనవచ్చు. చెప్పాక కూడా ఆ బెత్తపు దెబ్బ ఆ విశేషణంలో ఇమడదు. ఇంగ్లీషు మాటలో దేవుడూ లేడు, కూలివాడూ లేడు.

మరి తెలుగులో ఏమని రాయాలి? క్రీడను క్రీడాశాఖ తీసుకుంది, లీలను గుడి తీసుకుంది, వినోదాన్ని టీవీ తీసుకుంది. విశేషణం కోసం వెతకడమే మనకు అలవాటు లేని పని అని నా అభిప్రాయం. తెలుగుకు బలం క్రియలో ఉంది. ‘లూడిక్ భాష’ అని ఇంగ్లీషులో ఉంటే ‘మాటలతో ఆడే భాష’ అని రాస్తే చాలు. ‘లూడిక్ ప్రవర్తన’ను ‘ఆటగా చేసేది’ అనవచ్చు. ‘కర్మకాండలోని లూడిక్ అంశం’ అన్నచోట ‘తంతులో ఉన్న ఆట’ అంటాను. నామవాచకం తప్పనిసరి అయితే ‘ఆటతనం’ పనికొస్తుంది. కొత్తగా వినిపించినా పసితనం, చిలిపితనం పక్కన నిలబడగలదు. హోమో లూడెన్స్‌ను మాత్రం ‘క్రీడామానవుడు’ అని దయచేసి రాయకండి. ‘ఆడే మనిషి’ అనండి. మాట్లాడే మనిషి, పోట్లాడే మనిషి, పెళ్ళాడే మనిషి, ఊపిరాడే మనిషి అందులో ఎలాగూ ఉన్నారు.